ఇంటి బీమా నేర్చుకుందాం – 3వ పాఠం: ఇంటికి ఎంత రాయించాలి?

పోయిన పాఠంలో పాలసీ కాగితం మీద ఏయే ప్రమాదాలు రాసి ఉంటాయో చదవడం నేర్చుకున్నాం. అదే దరఖాస్తులో మనమే నింపాల్సిన గడి ఒకటుంది. బీమా మొత్తం. ఏజెంటు పెన్ను తీసి "ఎంతకు రాయమంటారండీ?" అంటాడు. మనం నోటికొచ్చిన అంకె చెప్పేస్తాం. తర్వాత ఇల్లు మొత్తం పోయినా, కట్టడానికి ఆ అంకె దాటి ఇవ్వరు. ఈ పాఠం అంతా ఆ ఒక్క గడి గురించే.

మా మేనమామది కోనసీమలో ఒక లంక ఊరు. ముందు ఆయన్నే అడిగాను.

"మామయ్యా, ఇంటికి ఎంత రాయిద్దాం?"

"ఎంతేంట్రా? ఆరు సెంట్ల స్థలం, రోడ్డు పక్క. మొన్న సంక్రాంతికి ముప్పై ఐదు లక్షలకు అడిగారు. అదే రాయించెయ్."

చాలామంది చేసే మొదటి తప్పు ఇదే. ఆ ముప్పై ఐదు లక్షల్లో ఎక్కువ భాగం స్థలానిది, రోడ్డుది, పెరట్లో ఉన్న పది కొబ్బరిచెట్లది. గాలివాన వచ్చి గోడ పడిపోతే స్థలం ఎక్కడికీ పోదు. అందుకే ఇంటి బీమాలో స్థలం విలువ లెక్కలోకి రాదు.

ఇలా చెప్పగానే మామయ్య, "మరి గోదారి కోసేస్తే స్థలం కూడా పోతుంది కదా?" అన్నాడు. లంకల్లో ఉన్నవాళ్లకు ఇది ఉత్తి సందేహం కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే మాటలతో అమ్మాల్సిన 'భారత్ గృహ రక్ష' పాలసీలో వరద, ముంపు, తుపాను, పిడుగు, భూకంపం అన్నీ ఉన్నాయి. ఇంటి కింద నేల కుంగినా ఉంది. కానీ ఆ కుంగుడు దగ్గరే కొన్ని మినహాయింపులున్నాయి. నది కోత, సముద్రపు కోత వల్ల అయితే ఇవ్వరు. పూడ్చిన నేల దిగబడినా ఇవ్వరు. అంటే చెరువు పూడ్చి మెరక చేసి కట్టిన ఇంటికి గోడ బీటలిస్తే ఆ ఖర్చు మనదే. డెల్టాలో చాలా ఇళ్లు ఇలా మెరక చేసి కట్టినవే కాబట్టి ఆ రెండు ముక్కల కింద పెన్నుతో గీత గీసుకోండి. మామయ్య గట్టుకు దూరంగానే ఉన్నాడు, అయినా ఆ రోజంతా మొహం ముడుచుకునే ఉన్నాడు.

సరే, అంకె సంగతికి వద్దాం. రాయాల్సింది ఇల్లు అమ్మితే వచ్చే ధర కాదు. ఇల్లు పూర్తిగా పోతే అదే చోట, అదే రకం ఇల్లు ఇప్పటి రేట్లకు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు. రిజిస్ట్రేషన్ విలువ కాదు, పంచాయతీ ఇంటి పన్ను రసీదులో ఉన్న విలువా కాదు. ఆ రసీదు మాత్రం పారేయకండి, ఇల్లు మీదేనని చూపించడానికి పనికొస్తుంది. బ్యాంకు అప్పు తీసుకున్నవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. "బ్యాంకువాళ్లు బీమా చేయించారండీ" అని ధీమాగా ఉంటారు. తీసి చూస్తే చాలాసార్లు అది మిగిలిన అప్పు మేరకే ఉంటుంది. ఇల్లు పోతే బ్యాంకు బాకీ తీరుతుంది, మనకు ఖాళీ స్థలం మిగులుతుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను, టేపు తీసుకోండి.

భారత్ గృహ రక్షలో లెక్క ఇది: ఇంటి కార్పెట్ ఏరియాను చదరపు మీటరుకు అయ్యే నిర్మాణ ఖర్చుతో హెచ్చవేయాలి. వినడానికి తేలికే, మోసం ఆ 'కార్పెట్' అన్న మాటలో ఉంది. కార్పెట్ ఏరియా అంటే లోపల మనం తిరిగే నేల. బయటి గోడల మందం అందులోకి రాదు. వరండా, మేడ మీది ఖాళీ డాబా కొలతలో పావు వంతే పాలసీ లెక్కలోకి వస్తుంది, తేలిక కోసం ఇక్కడ దాన్ని వదిలేద్దాం. లోపలి అడ్డగోడలు మాత్రం కలుస్తాయి. మన తాపీ మేస్త్రీ చెప్పే రేటు అలాంటిది కాదు. ఆయన స్లాబు కొలత మీద చెబుతాడు, గోడలు, వరండా అన్నీ కలుపుకొని. ఒకరి కొలత, ఇంకొకరి రేటు కలిపి హెచ్చవేస్తే ఏమవుతుందో మామయ్య ఇంటి మీదే చూద్దాం.

ఆయన డాబా 25 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు. స్లాబు 800 చదరపు అడుగులు. ముందు అయిదడుగుల వరండా ఉంది. చుట్టూ తొమ్మిదంగుళాల గోడలు. టేపు పట్టి లోపల కొలిస్తే దాదాపు 600 చదరపు అడుగులు వచ్చింది. మేస్త్రీ రేటు చదరపు అడుగుకు 1,700 అనుకుందాం. ఇది లెక్క కోసం వేసుకున్న అంకె, మీ ఊళ్లో మీ మేస్త్రీ చెప్పిందే మీరు వేసుకోండి.

మేస్త్రీ లెక్కలో ఇల్లు కట్టడానికి 800 × 1,700 = 13,60,000 రూపాయలు. ఏజెంటు తొందరలో కార్పెట్ 600ను అదే 1,700తో హెచ్చవేశాడు, 10,20,000 వచ్చింది. గాలీ లేదు వానా లేదు, 3,40,000 కాగితం మీదే కొట్టుకుపోయింది. సరైన పద్ధతి తిరగేసి చేయడం. ముందు మొత్తం ఖర్చు 13,60,000 తేల్చుకోవాలి. దాన్ని 600తో భాగిస్తే కార్పెట్ అడుగుకు 2,267 రూపాయలు. ఫారంలో చదరపు మీటర్లు అడుగుతారు కాబట్టి 600ను 10.76తో భాగించండి, 55.76 వస్తుంది. 13,60,000ను దానితో భాగిస్తే చదరపు మీటరుకు రేటు సుమారు 24,400. ఆ రేటు రాయించాలి. "ఇంత ఎక్కువా?" అని ఏజెంటు అంటే మేస్త్రీ రాసిచ్చిన ఎస్టిమేట్ ముందు పెట్టండి.

ఎస్టిమేట్ అడిగేటప్పుడు మేస్త్రీకి రెండు విషయాలు గుర్తు చేయండి. ఒకటి పునాది. నల్లరేగడిలో పునాది ఖర్చు, వరద భయంతో నాలుగైదడుగులు ఎత్తి కట్టిన ఖర్చు, మామూలు అడుగు రేటులో పూర్తిగా రావు. రెండోది రవాణా. లంకలో ఉంటే ఇటుకా ఇసుకా పంటు మీదో పడవ మీదో దాటాలి. కూలీ ఖర్చు పెరుగుతుంది. టౌన్లో ఇల్లు కట్టిన మేస్త్రీ రేటు లంకకు సరిపోదు.

వరండా, ప్రహరీ, గేటు, విడిగా ఉన్న స్నానాల గది, నీళ్ల ట్యాంకు, పైన సోలార్ పలకలు ఉంటే అవీ అదనపు కట్టడాల కింద విడిగా రాయించుకోవచ్చు. పైన 13,60,000లో వరండా కలిసిపోయింది కాబట్టి దాన్ని మళ్లీ రాయకండి. ప్రహరీని మాత్రం మరిచిపోతారు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్లను అడగండి, ఇల్లు నిలబడి ప్రహరీ మొత్తం పడుకున్న కథలు ఎన్ని చెబుతారో. కొబ్బరిచెట్టు ఇంటి మీద పడితే? చెట్టు పడి జరిగిన నష్టం పాలసీలో ఉంది, తుపాను రోజే పడాలన్న నియమం లేదు. పడిన చెట్టుకు మాత్రం డబ్బులు రావు. మా ఊళ్లో చాలామందికి ఇల్లు కన్నా చెట్టు గురించే బాధ ఎక్కువ, అది వేరే సంగతి.

పెంకుటిల్లు ఉన్నవాళ్లు స్లాబు రేటు వేసుకోకూడదు. బంగాళా పెంకు, దూలాలు, వాసాలు, తలుపులు విడివిడిగా లెక్క కట్టించాలి. పాత మండువా లోగిలి అయితే టేకు స్తంభాల ధరే ఒక డాబా ధర అవుతుంది. అంత కలప ఇవాళ కొనలేం, దొరకదు. అలాంటి ఇంటికి ఇంజనీరు చేత విలువ కట్టించి కాగితం తీసుకోవడం మేలు. తాటాకు పాకలు, వెదురు తడికల గోడలు ఉన్నవాటిని బీమా భాషలో కచ్చా కట్టడం అంటారు. ఆ సంగతి దాచిపెట్టి డాబా అని రాయిస్తే, క్లెయిము రోజున నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయరు చూసేది కప్పునే.

తక్కువ రాయిస్తే ఏమవుతుందో ఇంకొంచెం చూడాలి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పాత తరహా పాలసీల్లో 'యావరేజి' అని ఒక షరతు ఉంటుంది. 12 లక్షల ఇంటిని 6 లక్షలకే రాయించారనుకోండి. వానకు గోడ కూలి 2 లక్షల నష్టం వచ్చింది. "6 లక్షల లోపే కదా, 2 లక్షలూ వస్తాయి" అనుకుంటాం. రావు. సగం ఇంటికే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ సగమే, లక్ష రూపాయలు. భారత్ గృహ రక్షలో ఈ కోత తీసేశారు, 2 లక్షలూ ఇస్తారు. అలాగని ధీమాగా తక్కువ రాయించకండి. ఇల్లు పూర్తిగా పోయిన రోజున ఆ 6 లక్షలే వస్తాయి. ఎక్కువ రాయించినా లాభం లేదు, జరిగిన నష్టానికి మించి ఎవరూ ఇవ్వరు. ప్రీమియం దండగ.

అంకె నిజాయితీగా ఉండాలనడానికి ఇంకో కారణం పరస్పర బీమా సంఘాలను చూస్తే బాగా అర్థమవుతుంది. మొదటి పాఠంలో వీటి మాట వచ్చింది. పాలసీదారులే సంఘానికి యజమానులు, బయట వాటాదారులు ఉండరు, మిగులు వాళ్లదే. 1752లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, మిత్రులు ఇళ్లకు అగ్ని బీమా కోసం పెట్టింది అలాంటిదే. అమెరికా పల్లెల్లో రైతులు తమ ఇళ్లకు, పాకలకు ఇలాగే సంఘాలు పెట్టుకున్నారు. మన దగ్గర 1870 నాటి బొంబాయి మ్యూచువల్ కూడా ఇదే పద్ధతి, కాకపోతే అది జీవిత బీమా. అలాంటి సంఘంలో ఒకడు తన ఇంటిని సగానికి రాయించి తక్కువ కట్టాడంటే, మిగిలిన సగం భారం పక్కింటివాడి జేబులోంచి పోతుంది.

ఇది విని మామయ్య హుషారుగా, "మరి మన లంకలో 200 గడప ఉంది, మనమే పెట్టుకుందాం, డ్వాక్రా గ్రూపులా" అన్నాడు. లెక్క వేసి చూపించాను. ఇంటికి ఏడాదికి 2,000 చొప్పున 4 లక్షలు పోగవుతుంది. వంట గ్యాసు పేలి ఒక ఇంటి వంటగది కాలితే ఇవ్వొచ్చు. చీటీ పాటలా నడిచిపోతుంది. కానీ గోదారి ఒక్క గడపకు రాదు కదా. ధవళేశ్వరం దగ్గర నీరు 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో అక్కడ ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు 200 ఇళ్లకూ ఒకే రాత్రి నీళ్లు వస్తాయి. ఇంటికి 50,000 నష్టం అనుకున్నా కోటి కావాలి, పెట్టెలో ఉన్నది 4 లక్షలు. అందుకే ఎంత స్థానిక సంఘమైనా నది లేని చోట్ల ఇళ్లనూ కలుపుకోవాలి, లేదా తన బరువులో కొంత పెద్ద సంస్థకు పునర్బీమా చేయాలి, అంటే బీమా సంఘమే ఇంకో పెద్ద సంస్థ దగ్గర బీమా చేయించుకోవడం. పైగా దేశంలో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ దగ్గర రిజిస్టర్ కాకుండా బీమా వ్యాపారం చేయడం చట్టవిరుద్ధం. "ఊరి సంఘం" పేరుతో ఎవరైనా ఇంటి బీమా డబ్బు వసూలు చేస్తుంటే, ముందు ఆ రిజిస్ట్రేషన్ నంబరు, తర్వాత పునర్బీమా ఎవరిదో అడగండి. మామయ్య కాసేపు ఆలోచించి, "అయితే ఆ ప్రీమియం కట్టేద్దాంలే" అన్నాడు.

సామాను గురించి ఇక్కడ రెండు ముక్కలే. ఇంటికి రాయించిన మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంటి సామానుకు తనంతట తానే వస్తుంది. మామయ్య 13,60,000కు 2,72,000. మంచాలు, బీరువా, ఫ్రిజ్, టీవీలకు అది చాలు. నగదు, బండి అందులోకి రావు. అమ్మకానికి వసారాలో పోసిన ధాన్యం, కొబ్బరికాయల రాశి ఇంటి సామాను కాదు, అది వ్యాపార సరుకు. బంగారానికి విడిగా రాయించాలి, దాని పద్ధతి నాలుగో పాఠంలో.

ఈ వారం పని: టేపుతో గది గది కొలిచి కార్పెట్ ఏరియా రాయండి. స్లాబు కొలత పక్కన రాయండి. మేస్త్రీ చేత పునాదితో, రవాణాతో కలిపి ఎస్టిమేట్ సంతకం పెట్టించండి. తర్వాత నాలుగు మూలల నుంచీ ఇంటి ఫోటోలు, కప్పు ఫోటో, ప్రహరీ ఫోటో తీసి మీ ఫోన్లోనే ఉంచుకోకుండా, ఊరికి దూరంగా ఉన్న అమ్మాయికో అబ్బాయికో పంపండి. వరదలో ముందు తడిసేది మన ఫోనే.