ఇంటిపనిలో బీజగణితం, నాలుగో పాఠం: అయిదింట మూడు వంతులు

గత పాఠంలో ఒక అజ్ఞాతరాశి ఉన్న సమీకరణాలను సాధించాము. ఈసారి రెండు అజ్ఞాతరాశులున్న జత సమీకరణాలను తొలగింపు పద్ధతిలో సాధిద్దాము. లెక్కను అమెరికా చరిత్ర పాఠం నుంచే తీసుకుంటున్నాను.

1787లో రాజ్యాంగ రచనకు ఫిలడెల్ఫియాలో సమావేశమైనవారు, ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలివ్వాలో జనాభాను బట్టి తేల్చాలనుకున్నప్పుడు, బానిసలను ఆ జనాభాలో కలపాలా వద్దా అన్న వివాదం తలెత్తింది. ఓటు హక్కే లేని బానిసలను పూర్తిగా లెక్కించాలని పట్టుబట్టింది దక్షిణాదివారు. అసలు కలపవద్దన్నది ఉత్తరాదివారు. పరీక్షల్లో చాలామంది దీన్ని తలకిందులుగా రాస్తారు. చివరకు బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులు కలపడానికి రాజీ కుదిరింది. ఆ నిబంధనలో ‘బానిస’ అన్న మాట కనబడదు. ‘ఇతర వ్యక్తులు’ అని సరిపెట్టారు.

1790 జనగణనలో వర్జీనియా మొత్తం జనాభా 7,47,610. స్థానాల కోసం పరిగణించిన సంఖ్య 6,30,560. స్వతంత్రుల సంఖ్యను ‘స’ అనీ, బానిసల సంఖ్యను ‘బ’ అనీ అనుకుందాము.

స + బ = 7,47,610
స + (3/5)బ = 6,30,560

రెండింటిలోనూ ‘స’ గుణకం 1 కనుక, మొదటి సమీకరణం నుంచి రెండోదాన్ని తీసివేస్తే ‘స’ తొలగిపోయి (2/5)బ = 1,17,050 మిగులుతుంది. ఇరువైపులా 5/2తో గుణిస్తే బ = 2,92,625.

జనగణన పట్టికలో మాత్రం 2,92,627 అని ఉంది. మన పద్ధతిలో తప్పేమీ లేదు. అసలు సంఖ్యలతో లెక్కిస్తే 4,54,983 + 1,75,576.2 = 6,30,559.2 వస్తుంది; దానిని పై పూర్ణాంకానికి సవరించడంతో 0.8 అదనంగా చేరింది. ఆ 0.8ని 5/2తో గుణిస్తే సరిగ్గా 2.

ఇక గుణకాన్ని మార్చి చూడండి. 1792 చట్టం 33,000 మందికి ఒక స్థానం చొప్పున ఇచ్చి, మిగిలిన భిన్నాన్ని వదిలేసింది. (దానికి ముందు వచ్చిన బిల్లును వాషింగ్టన్ తిరస్కరించారు, అమెరికా అధ్యక్షుడు వాడిన తొలి వీటో అదే.) ‘బ’ గుణకం 0 అయితే వర్జీనియాకు 13 స్థానాలు, 1 అయితే 22, 3/5తో వచ్చినవి 19. అంటే ఓటు లేని మనుషుల పేరిట వారి యజమానుల రాష్ట్రానికి 6 స్థానాలు అదనంగా దక్కాయి. బానిసను మనిషిలో కొంత భాగంగా చూశారని మాత్రమే రాసి ఊరుకునే జవాబు నా దృష్టిలో అసంపూర్ణం, ఎందుకంటే ఆ భిన్నం పెరిగిన కొద్దీ లాభపడేది యజమానే.

అభ్యాసం: దక్షిణ కరోలినా మొత్తం జనాభా 2,49,073, స్థానాల కోసం పరిగణించిన సంఖ్య 2,06,236. ‘బ’ కనుక్కోండి. జవాబు 1,07,092.5 వస్తుంది, పట్టికలోని సంఖ్య 1,07,094. ఆ అర మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో, తేడా 1.5 ఎందుకైందో వర్జీనియాకు చేసినట్టే చూపండి. 1868లో పద్నాలుగో సవరణ ఈ భిన్నాన్ని తొలగించిన తరువాత లెక్క ఎలా మారిందో అయిదో పాఠంలో చూద్దాము.