ఎండలు, తాటికల్లు, పెళ్లి దావత్‌లు: యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు, గుండె మందులు వాడేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

ఎండలు ముదరకముందే ఇది రాస్తున్నా, ఎందుకంటే మన నల్గొండ, పాలమూరు వైపు యూరిక్ యాసిడ్ (ఒంట్లో తయారై మూత్రంలో పోవాల్సిన వ్యర్థం) పెరగడానికి ఏమేం కావాలో అవన్నీ ఒక్కసారే కూడుకునే నెలలు ఇవే. ఎండ నలభై దాటుతుంది, ఒంట్లో నీళ్లన్నీ చెమటగా పోతాయి, తాటికల్లు దిగుతుంది, పెళ్లిళ్లు మొదలవుతాయి, పెళ్లంటే యాట తెగాల్సిందే. నలభై దాటిన మగవాళ్లు, ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లు, బీపీ, షుగర్ గోళీలు వాడేవాళ్లు, స్టెంట్ పడ్డవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు గుండె సంగతి, ఎందుకంటే యూరిక్ యాసిడ్ పెరిగితే గుండెకే ముప్పని వాట్సాప్‌లో భయపెట్టేవాళ్లు చాలామంది తయారయ్యారు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి, అది నిజమే. కానీ వాళ్లలోనే బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, కిడ్నీ తక్కువ పనిచేయడం కూడా ఎక్కువ, కాబట్టి నేరం దేనిదో తేల్చడం కష్టం. బ్రిటన్‌లో గుండె రక్తనాళాల జబ్బుండి, గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే నొప్పి, వాపు) లేని అరవై ఏళ్లు దాటినవాళ్లను దాదాపు 5,700 మందిని తీసుకుని, సగం మందికి యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ఇచ్చి ఐదేళ్ల దగ్గర దగ్గర చూశారు. 2022లో ఫలితం వచ్చింది: గోళీ వేసుకున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం తగ్గలేదు. అందుకే రిపోర్టులో యూరిక్ యాసిడ్ అంకె పక్కన బాణం గుర్తు చూడగానే మెడికల్ షాపుకు పోయి గోళీలు తెచ్చుకుంటే గుండెకు ఒరిగేదేమీ లేదు. ఆ బాణం చూసి చేయాల్సింది బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే పరీక్ష) చూపించుకోవడం. గుండెను కాపాడేది ఆ నాలుగింటిని అదుపులో పెట్టడం, బీడీ సిగరెట్ మానడం.

అయితే గౌట్ నొప్పి లేచినప్పుడు సంగతి వేరు. అదే 2022లో బ్రిటన్ వాళ్లదే ఇంకో పరిశీలన వచ్చింది. గౌట్ ఉన్నవాళ్లకు నొప్పి లేచిన తర్వాత నాలుగు నెలల దాకా గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం మామూలు రోజులకన్నా ఎక్కువగా ఉందని తేలింది. ఒంట్లో వాపు రేగడం రక్తనాళాలకు మంచిది కాదు కదా. కాబట్టి ఈ సీజన్లో మన పని ఆ నొప్పిని లేవనీయకుండా చూసుకోవడం, లేస్తే దానికి తప్పుడు వైద్యం చేసుకోకపోవడం. నా లెక్కలో రెండోదే పెద్ద ప్రమాదం, దాని దగ్గరికి వస్తా.

పరీక్ష ఇప్పుడే చేయించుకోండి, నొప్పి వచ్చాక పరిగెత్తకుండా. సర్కారు దవాఖానాలో డాక్టర్ రాసిస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా చాలా రక్తపరీక్షలు పైసా లేకుండా అవుతాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక కరగకుండా కీళ్లలో స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది, గౌట్ ఉన్నవాళ్లకు డాక్టర్లు 6 లోపు ఉంచాలని చూస్తారు. ఒక తిరకాసు ఉంది, నొప్పి మండుతున్న రోజుల్లో పరీక్ష చేస్తే అంకె మామూలుగానే రావచ్చు, రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చేయించాలి. ఇంకోటి, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు మోకాళ్లు నొప్పులంటే అందరూ ఫ్లోరైడ్ అనేస్తారు. ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది, నడుము, మెడ బిగుసుకుపోతాయి. రాత్రికి రాత్రి ఒక్క కీలు, ఎక్కువగా కాలి బొటనవేలు, ఎర్రబడి ఉబ్బితే అది గౌట్ అయ్యుండొచ్చు, చూపించుకోండి.

ఇక దావత్. తలకాయ కూర, బోటి, కార్జం, గుర్దా, ఇవన్నీ ప్యూరిన్లు దండిగా ఉండేవి, ఒంట్లో యూరిక్ యాసిడ్ అయ్యేది ఆ ప్యూరిన్లే. మాంసం ఉడికేటప్పుడు అవి నీళ్లలోకి దిగుతాయి కాబట్టి షోర్వా ముక్కకంటే మంచిదనుకోకండి. కీళ్ల నొప్పులున్న పెద్దమనిషికి బలం అని పొద్దున్నే గిన్నెడు పాయ తాగించే ఇళ్లు మనకు తక్కువేం లేవు, గౌట్ ఉన్నవాళ్లకు అది తిరగబడే వైద్యం. యాట కూర రెండు ముక్కలు తినండి, తప్పులేదు, వరుసగా మూడు పెళ్లిళ్లకు మూడు పూటలూ తినకండి. ఎండుచేపలు, రొయ్యలు కూడా తగ్గించాలి.

ఇంత చెప్పి, మాంసం తినేవాళ్లు మాత్రం మానకుండా పప్పు, పాలకూర, టమాటా మానేసి కూర్చుంటారు! అమెరికాలో 47 వేల మందికి పైగా మగవాళ్లను పన్నెండేళ్లు గమనించి 2004లో చెప్పిన మాట ఏంటంటే, మాంసం, చేపలు గౌట్ అవకాశం పెంచాయి, ప్యూరిన్లున్న కూరగాయలు, పప్పులు పెంచలేదు, పాలూ పెరుగూ వాడినవాళ్లకు తగ్గింది కూడా. పప్పు మామూలుగా తినండి, కిడ్నీ జబ్బు ఉండి డాక్టర్ వద్దంటే తప్ప. చల్ల తాగండి, తైదంబలి తాగండి, బీపీ ఉన్నవాళ్లు ఉప్పు చూసి వేసుకోండి. చెరుకు రసం, కూల్ డ్రింకులు, బాటిల్ జ్యూసుల్లో ఉండే చక్కెర కూడా యూరిక్ యాసిడ్ పెంచుతుంది, దాహం తీరుతుందని నాలుగు గ్లాసులు లాగించేది అదే, ఎవరూ దాన్ని లెక్కలో వేసుకోరు.

తాగుడు విషయంలో బీరు అన్నిటికన్నా చెడ్డది, ఆల్కహాల్‌తో పాటు ప్యూరిన్లు కూడా ఇస్తుంది. ఆల్కహాల్ కిడ్నీ బయటికి పంపాల్సిన యూరిక్ యాసిడ్‌ను ఆపేస్తుంది, అందుకని విస్కీకి మారినంత మాత్రాన గండం గట్టెక్కదు. కల్లు చెట్టు నుంచి వచ్చింది కదా అని చలవ లెక్క కట్టకండి, పులిసిందంటే అదీ ఆల్కహాలే. పైగా మన వైపు డిపోల్లో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపిన కల్లు బాధ ఉండనే ఉంది. దానికి అలవాటుపడ్డవాళ్లు ఇది చదివి రేపటి నుంచి ఒక్కసారిగా బంద్ పెట్టకండి, వణుకు, ఫిట్స్ వస్తాయి, దవాఖానాలో చెప్పి మెల్లగా మానాలి.

నీళ్లు: చేనుకు, కూలికి పోయేవాళ్లు, బండి మీద తిరిగేవాళ్లు మూత్రం లేత రంగులో వచ్చేంత తాగాలి. గుండె బలహీనపడి కాళ్లకు నీరు పట్టేవాళ్లకు ఈ మాట వర్తించదు, వాళ్లు డాక్టర్ చెప్పిన కొలతే తాగాలి, ఎండ ఎక్కువైతే ఎంత పెంచాలో ఫోన్ చేసి అడగాలి.

ఇప్పుడు ఆ రెండోది, తప్పుడు వైద్యం సంగతి. దేవరకొండ దగ్గర మా చిన్నాయనకు బీపీ ఉంది, స్టెంట్ కూడా ఉంది. బిడ్డ పెళ్లి అయిన తెల్లారి రాత్రి బొటనవేలు లేచింది, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేవాడు, చెప్పులో కాలు పెట్టలేకపోయాడు. ఊళ్లో సూది వేసే ఆయన వచ్చి నడుముకు ఒక సూది ఇచ్చి, పొట్లంలో గోళీలు కట్టిచ్చి పోయాడు. నొప్పి తగ్గింది, పిన్ని సంబరపడింది. మూడో రోజుకు కాళ్లు వాచి, ఆయాసం, బీపీ 180 దాటింది. నల్గొండలో డాక్టర్ మొదట అడిగింది ఒకటే: "ఏం సూది వేయించుకున్నవ్ పెద్దాయనా?" ఎవరికీ తెల్వదు. పొట్లం తెప్పించి చూస్తే డైక్లోఫెనాక్. ఈ రకం నొప్పి మందులు బీపీ పెంచుతాయి, కిడ్నీ మీద పడతాయి, గుండెజబ్బు ఉన్నవాళ్లకు గుండెపోటు అవకాశం పెంచుతాయి, ఐబుప్రోఫెన్ అయితే రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్ పనికి కూడా అడ్డుపడుతుంది. గౌట్ నొప్పికి కొల్చిసిన్, కొద్ది రోజుల స్టెరాయిడ్ లాంటి వేరే దారులున్నాయి, కిడ్నీ చూసి, షుగర్ చూసి ఏది, ఎంత అన్నది డాక్టర్ తేల్చాలి. అందుకే మీ మందుల చీటీ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి, ఎవరు సూది పట్టుకున్నా ముందు అది చూపించండి, పేరు చెప్పని సూది వేయించుకోవద్దు.

చిన్న డోసు ఆస్పిరిన్, బీపీకి ఇచ్చే కొన్ని నీటి గోళీలు (మూత్రం ఎక్కువ పోయించేవి) యూరిక్ యాసిడ్ పెంచుతాయి. ఈ మాట విని స్టెంట్ ఉన్నవాళ్లు ఆస్పిరిన్ ఆపితే అసలుకే మోసం. అడగండి, బీపీ మందు మార్చే వీలుంటే డాక్టరే మారుస్తారు, లోసార్టన్ అయితే యూరిక్ యాసిడ్‌ను కొద్దిగా తగ్గిస్తుంది కూడా. గౌట్ కోసం అల్లోప్యూరినాల్ వాడుతున్నవాళ్లు నొప్పి లేచిందని దాన్ని మధ్యలో ఆపకండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే మాత్రం అదే రోజు ఆపి డాక్టర్ దగ్గరికి పోవాలి. యూరిక్ యాసిడ్ తగ్గించే ఇంకో గోళీ ఫెబుక్సోస్టాట్ మీద అమెరికా ఔషధ సంస్థ 2019లో గుండె మరణాల గురించి గట్టి హెచ్చరిక పెట్టింది, తర్వాత యూరప్‌లో చేసిన పెద్ద పరిశీలనలో ఆ ప్రమాదం కనిపించలేదు. గుండెజబ్బు ఉండి అది వాడుతుంటే కార్డియాలజిస్టుకు ఒక మాట చెప్పి ఉంచండి.

దావత్ తిన్న రాత్రి ఛాతీ మీద బరువు, చల్ల చెమటలు, ఎడమ చేయి గుంజుడు, దవడ నొప్పి వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, వాంతి లాగా కూడా రావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి, మందుల చీటీ వెంట పెట్టుకుని పోండి.