మాటల మూలాలు, 4వ పాఠం: కంపాషన్‌లో కంపం లేదు

గత పాఠం చివర ‘కంపాషన్’ అనే ఇంగ్లీషు మాటను విడదీయమన్నాను. జవాబులు చాలావరకు రెండు దారులు పట్టాయి. కొందరు ‘కలిసి మోహించడం’ అన్నారు. మరికొందరు ‘ఇది కనికరమనే అర్థమున్న మన సంస్కృత అనుకంపే’ అని తేల్చేశారు. కాబట్టి ప్రత్యయాల పాఠం వచ్చేసారి.

మొదటిది చిన్న పొరపాటే. ‘ప్యాషన్’కు ఇప్పుడున్న అర్థాన్ని పాత మాటకు అంటగట్టారు. లాటిన్‌లో ‘పాటి’ అనే క్రియకు బాధపడడం, భరించడం అని అర్థం. క్రైస్తవుల లాటిన్‌లో ‘పాసియో’ క్రీస్తు పడిన శ్రమలు. ముందు ‘కమ్’ చేరితే తోడుగా బాధపడడం. గ్రీకు ‘సింపథీయా’ను చూసి అదే కొలతకు కట్టిన మాట ఇది. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. నేనైతే నిఘంటువు తెరవకముందే మాట చుట్టాలను పిలుస్తాను. పేషెంట్, పాసివ్ వచ్చి నిలబడితే మోహం ఊసే రాదు.

రెండోదానితోనే నాకు పేచీ. కంపాషన్‌లో ‘కంప’ వినిపిస్తోంది, నిజమే. కానీ కోత ఎక్కడ పడుతుంది? అక్కడ ‘కమ్’ దగ్గర విరుగుతుంది, ‘ప’కారం తర్వాతి ముక్కది. సంస్కృతంలో ‘అను’ దగ్గర విరుగుతుంది, ‘కంప్’ మొత్తం ఒకే ధాతువు. దాని అర్థం వణకడం. భూకంపం, ప్రకంపన, కంపించు అన్నీ దానివే. ఒకచోట సగం ఉపసర్గ, సగం క్రియ. మరోచోట చీలని ధాతువు. చెవికి ఒకటిగా తోచినంత మాత్రాన పుట్టుక ఒకటి కాదు. అంతెందుకు, లాటిన్ ‘కమ్’కూ మన ‘సమ్’కూ అర్థం దగ్గరే అయినా బంధుత్వం లేదు.

‘మరి బుద్ధఘోషుడో?’ అంటారని తెలుసు. 5వ శతాబ్దపు విశుద్ధిమార్గమనే గ్రంథంలో ఆ బౌద్ధ వ్యాఖ్యాత, పరుల దుఃఖం చూసినప్పుడు సాధువుల హృదయాన్ని కంపింపజేస్తుంది కనుక కరుణ అన్నాడు. అందమైన వివరణ. అయితే అది భావాన్ని తెలిపే నిరుక్తి. పదచరిత్రకు సాక్ష్యంగా పనికిరాదు. ఈ తేడా పట్టుబడనివారు పై పేరా మళ్లీ చదవండి.

దయ కథ వేరు. ఋగ్వేద కాలంలో ‘దయ్’ ధాతువుకు పంచడం, భాగమివ్వడం అనే అర్థం ఉంది. కనికరించడం తర్వాత స్థిరపడింది. అందుకే నాకు కరుణ కన్నా దయ మీద మక్కువ. ఇచ్చే చెయ్యి అందులో ఇంకా కనిపిస్తుంది.

అభ్యాసం: పేషెంట్, పాసివ్, ప్యాసింజర్‌లలో చుట్టం కానిదేదో పట్టుకోండి. తర్వాత దయ, జాలి, కరుణ, అనుకంపలకు ఒక్కో వాక్యం రాయండి. ఒకదాని చోట మరొకటి పెడితే వాక్యం చెడిపోవాలి. జాలి దగ్గర తొందరపడకండి.