సూపర్‌నోవా దొరకడం లేదా? ముందు గెలాక్సీని వెతకడం మానండి

2023 మే 19న జపాన్‌కు చెందిన కోయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో ఒక సూపర్‌నోవాను, అంటే పేలిపోతున్న నక్షత్రాన్ని, కనిపెట్టారు. పేరు ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్, దూరం దాదాపు 2.1 కోట్ల కాంతి సంవత్సరాలు. కొద్ది రోజుల్లోనే అది 11 మాగ్నిట్యూడ్‌కు (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) చేరి చిన్న టెలిస్కోపులకు కూడా అందింది. అది ఇప్పుడు మసకబారిపోయింది, కానీ ఇలాంటి సూపర్‌నోవాను వెతికే చాలామందికి మొదట ఎదురయ్యే ఇబ్బందులను దాని ఉదాహరణతోనే చూద్దాం.

సమస్య: గెలాక్సీయే కనబడటం లేదు, ఇక సూపర్‌నోవా ఎక్కడ?

కారణం: ఎం101 మాగ్నిట్యూడ్ 7.9 అని చదివి తేలికేలే అనుకుంటాం. కానీ ఆ వెలుగంతా దాదాపు నిండు చందమామంత మేర పలచగా పరుచుకుని ఉంటుంది. ఊరి లైట్లకు అది ఇట్టే కరిగిపోతుంది. సూపర్‌నోవా వెలుగు మాత్రం ఒకే చుక్కలో ఉంటుంది.

పరిష్కారం: గెలాక్సీ సంగతి వదిలేసి నక్షత్రాల దారి పట్టండి. సప్తర్షి మండలం చివరి రెండు నక్షత్రాలు వశిష్ఠుడు, మరీచి. వీటికి ఉత్తరం వైపున ఎం101ను కలిపితే త్రిభుజం వస్తుంది. అరుంధతీ వశిష్ఠుల దగ్గర మొదలై తూర్పుకు సాగే మసక నక్షత్రాల వరుస వెంట వెళ్తే దాని దగ్గరికి చేరతారు. హైదరాబాద్‌లో మే నెల మధ్యలో రాత్రి పదిన్నర ప్రాంతంలో అది ఉత్తరాన 53 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ వేళకే చూడండి, కిందికి దిగాక దుమ్మూ మసకా అడ్డొస్తాయి.

తక్కువ పవర్ ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకంతో) చోటు గుర్తించాక 100, 150 రెట్లకు పెంచండి. ఆకాశపు నేపథ్యం నల్లబడుతుంది, చుక్క మాత్రం అంతగా తగ్గదు. గెలాక్సీలకు తక్కువ పవరే మేలన్న పాత సలహాను ఇక్కడ పక్కన పెట్టాల్సిందే. నేరుగా కాకుండా కాస్త పక్కకు చూస్తే మసక చుక్క ఇంకా బాగా తెలుస్తుంది.

సమస్య: చుక్క ఉంది, కానీ అదేనా?

గెలాక్సీ మీద కనిపించే చుక్కల్లో చాలావరకు మన పాలపుంతవే, దారిలో అడ్డున్నవి. పైగా 2023ఐఎక్స్ఎఫ్ పక్కనే ఎన్‌జీసీ 5461 అనే మెరిసే వాయుమేఘం ఉంది. పవర్ పెంచినా నూగుగానే ఉంటే మేఘం, సూదిమొనలా నిలిస్తే నక్షత్రం. ఆపైన పాత ఫోటోతో పోల్చండి, అందులో లేని చుక్కే మీకు కావాల్సింది. అయితే చార్టును (నక్షత్ర పటాన్ని) సరిగ్గా తిప్పి పట్టుకున్నారా? న్యూటోనియన్‌లో (అద్దాల టెలిస్కోపులో) బొమ్మ తలకిందులు, డయాగనల్ (వెలుగును పక్కకు మళ్లించే అద్దం) ఉన్న రిఫ్రాక్టర్‌లో (కటకాల టెలిస్కోపులో) కుడి ఎడమలు తారుమారు. సగం టెన్షన్ ఇక్కడే. గ్రహశకలాలు తిరిగే దారిలో ఉన్న సింహ, కన్య రాశుల్లోని గెలాక్సీల దగ్గరైతే గంట రెండు గంటల తర్వాత మళ్లీ చూడండి. చుక్క జరిగితే అది గ్రహశకలం.

సమస్య: పోయిన వారం కనబడింది, ఇప్పుడు లేదు

ముందు చందమామ ఉందేమో చూసుకోండి. లేకపోతే కారణం సూపర్‌నోవా రకం. టైప్ వన్-ఏ (తెల్ల మరుగుజ్జు నక్షత్రం పేలేది) గరిష్ఠానికి చేరాక నెలలోపే బాగా తగ్గిపోతుంది. 2023ఐఎక్స్ఎఫ్ లాంటి టైప్ టూ (భారీ నక్షత్రం కుప్పకూలి పేలేది) అయితే కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు కూడా దాదాపు అదే వెలుగులో ఉండి తర్వాత పడిపోతుంది. టెలిస్కోప్ బయటికి తీసేముందే ఎఎవిఎస్ఓ (వెలుగు మారే నక్షత్రాలను గమనించేవారి అమెరికా సంఘం) వెబ్‌సైట్‌లో తాజా మాగ్నిట్యూడ్ చూసుకోండి. 6 అంగుళాల టెలిస్కోప్‌కు మంచి చీకట్లో 13 దాకా అందుతుంది. 14 దాటితే ఇక కెమెరాతో పని.