ఎమ్మార్ నుంచి ఏరియా మేనేజర్ కావడం ఎలా? అయ్యాక నెగ్గుకురావడం ఎలా?

మందుల కంపెనీల్లో ఫస్ట్ లైన్ మేనేజర్ అంటే నలుగురైదుగురు మెడికల్ రెప్రజెంటేటివ్‌ల (ఎమ్మార్లు, డాక్టర్లని కలిసి కంపెనీ మందుల గురించి చెప్పేవాళ్లు) మీద ఉండే మనిషి. ఒక కంపెనీలో ఏబీఎం అంటారు, ఇంకో కంపెనీలో ఏరియా మేనేజర్ అంటారు. కార్డు మీద ఏం రాసినా పని ఒకటే. పైనుంచి టార్గెట్ ఫోన్లు, కిందనుంచి లీవు ఫోన్లు, మధ్యలో మనం. నేను ఏడేళ్లు ఎమ్మార్‌గా బ్యాగు మోశాను, ఆరేళ్లు ఏరియా మేనేజర్‌గా తిరిగాను, ఇప్పుడు అలాంటి మేనేజర్లు ఐదుగురు నా కింద ఉన్నారు. బంగారంలాంటి ఎమ్మార్‌ని తెచ్చి మేనేజర్ కుర్చీలో కూర్చోబెడితే, ఆరు నెలలు తిరక్కుండానే రాజీనామా పెట్టిన సందర్భాలు చాలా చూశాను. తప్పు దాదాపు ప్రతిసారీ ఒకే చోట జరుగుతుంది. దాని గురించి 4వ మెట్టులో చెబుతాను. మిగతావి త్వరగా దాటేద్దాం.

1. ఉద్యోగం ఎక్కడ వెతకాలి

ముందు సొంత కంపెనీలో. బయట ఏ కన్సల్టెంట్‌ని అడిగినా "మేనేజర్‌గా ఎన్నేళ్ల అనుభవం?" అంటాడు. అనుభవం లేనిదే పోస్టు రాదు, పోస్టు రానిదే అనుభవం రాదు. ఆ ముడి సొంత కంపెనీలోనే విడుతుంది. కంపెనీ కొత్త డివిజన్ పెడుతున్నప్పుడు, ఉన్న డివిజన్‌ని రెండుగా విడగొడుతున్నప్పుడు ఒక్కసారిగా మేనేజర్ పోస్టులు పుడతాయి. సైకిల్ మీటింగ్‌లో (కొన్ని నెలలకోసారి టీమంతా కూడే సమావేశం) ఆ మాట వినపడిన రోజే మీ రీజినల్ మేనేజర్‌కి "సార్, నాకు ఆసక్తి ఉంది" అని నోటితో చెప్పండి. ఆయనే గుర్తుపెట్టుకుని పిలుస్తాడని కూర్చున్నవాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు.

సొంత హెచ్‌క్యూ (మీరు ఎమ్మార్‌గా తిరిగే ఊరు) మీద మేనేజర్‌గా వేస్తామంటే ఒప్పుకోకండి. నిన్నటిదాకా ఒకే గదిలో అద్దెకున్నవాడి డీసీఆర్ (రోజువారీ కాల్ రిపోర్టు) ఈరోజు మీరు తిరగ్గొడితే స్నేహమూ పోతుంది, రిపోర్టూ రాదు. గుంటూరు వాడు రాజమండ్రి వెళ్లాలి, వరంగల్ వాడు నిజామాబాద్ వెళ్లాలి. ఇంటికి దూరం అంటారా, వారానికోసారి రైలెక్కండి.

2. ఇంటర్వ్యూ

తీసుకెళ్లాల్సినవి: రెండేళ్ల నెలవారీ అమ్మకాల లెక్క, బ్రాండ్ల వారీగా, ఒకే పేజీలో. ఇంక్రిమెంట్ లెటర్లు. నల్ల బూట్లు. డాక్టర్ల లిస్టు మాత్రం తీసుకెళ్లకండి. అది పాత కంపెనీ సొత్తు. అది చూసి మురిసిపోయే కంపెనీ రేపు మీ ఎమ్మార్ల దగ్గర్నుంచి కూడా అదే ఆశిస్తుంది.

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మీ టీమ్‌లో ఒకడు మూడు నెలలుగా టార్గెట్‌లో 60 శాతం దగ్గరే ఆగిపోయాడు. ఏం చేస్తారు?" పదిమందిలో ఎనిమిదిమంది "మోటివేట్ చేస్తాను సార్" అంటారు. అక్కడితో అయిపోయింది. ముందు స్టాకిస్టు (కంపెనీ దగ్గర కొని షాపులకి అమ్మే హోల్‌సేలరు) స్టేట్‌మెంట్ చూస్తాను, సెకండరీ (స్టాకిస్టు నుంచి షాపులకి వెళ్లే అమ్మకం) కదులుతోందో లేదో చూస్తాను, అతని ముఖ్యమైన డాక్టర్ల పక్కనున్న మెడికల్ షాపుల్లో ఆర్‌సీపీఏ (ఏ డాక్టరు ఎవరి మందు రాస్తున్నారో షాపులో అడిగి చూడటం) చేస్తాను, ఆ తర్వాత రెండు రోజులు అతనితో తిరుగుతాను అని చెప్పండి. ఎందుకంటే ఆ 60 శాతం వెనక కారణాలు ఎన్నో ఉండొచ్చు. సరుకు లేకపోవచ్చు, పెద్ద డాక్టరు ఊరు మారి ఉండొచ్చు, అసలు టార్గెట్టే తప్పు వేసి ఉండొచ్చు. రోగం తెలియకుండా మందు రాయకూడదన్న సంగతి మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

3. చేరేముందు గోదాము చూడండి

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, సంతకం పెట్టకముందు, ఆ ఏరియాలో ఇద్దరు స్టాకిస్టుల దగ్గరికి వెళ్లి టీ తాగి రండి. క్లోజింగ్ స్టాక్ ఎంతుందో, ఎక్స్‌పైరీ క్లెయిమ్‌లు (గడువు తీరిన సరుకుకి కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు) ఎన్నాళ్లుగా పెండింగ్‌లో ఉన్నాయో మెల్లగా మాటల్లోకి దించండి. తమ కష్టం వినేవాడు దొరికితే వాళ్లు దాచుకోరు.

లెక్క తేలికే. ఏరియాలో నెలకి సెకండరీ 10 లక్షలనుకోండి. స్టాకిస్టుల దగ్గర 12, 15 లక్షల సరుకుంటే మామూలే. 30 లక్షలుంటే మీ ముందున్నాయన నెలన్నర, రెండు నెలల అమ్మకాన్ని ముందే వాడేసుకుని వెళ్లిపోయాడని అర్థం. మొదటి నెలన్నర, రెండు నెలలు మీరు ఎంత తిరిగినా ప్రైమరీ (కంపెనీ నుంచి స్టాకిస్టుకి వెళ్లే అమ్మకం) సున్నా దగ్గరే తచ్చాడుతుంది. అలాంటి చోట చేరొద్దని అనను. కానీ చేరేముందే ఆ అంకె రీజినల్ మేనేజర్‌కి మెయిల్‌లో రాసి పంపండి. ఫోన్‌లో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

4. జాయింట్ వర్క్: డాక్టరు గదిలో నోరు విప్పకండి

జాయింట్ వర్క్ అంటే ఎమ్మార్‌తో కలిసి డాక్టర్ల దగ్గరికి వెళ్లడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

మిమ్మల్ని మేనేజర్ చేసింది ఎందుకు? డాక్టరు ముందు బాగా మాట్లాడతారు కాబట్టి. మేనేజర్ అయ్యాక మొదట వదులుకోవాల్సింది కూడా అదే. మీ ఎమ్మార్ విజువల్ ఎయిడ్ (మందుల బొమ్మల పుస్తకం) తెరిచి తడబడుతుంటాడు. డాక్టరు వాచీ చూసుకుంటుంటాడు. బయట 40 మంది పేషెంట్లు. మీ నాలుక దురద పెడుతుంది. "సార్, ఇందులో అసలు విషయమేమిటంటే..." అని మీరు అందుకుంటారు. కాల్ (డాక్టరుతో ఆ భేటీ) అద్భుతంగా ముగుస్తుంది. డాక్టరు నవ్వుతాడు, ఎమ్మార్ కూడా "సార్ ఇరగదీశారు" అంటాడు. మీరు ఛాతీ విరుచుకుని బయటికొస్తారు. ఆ కాల్ పాడైపోయిందని మీకు నెలల తర్వాత తెలుస్తుంది.

నాకు గుంటూరు కొత్తపేటలో తెలిసింది. మేనేజర్‌నైన రెండో నెల, ఒక గైనకాలజిస్ట్ దగ్గర మొత్తం నేనే మాట్లాడాను. తర్వాతి నెల మా కుర్రాడు ఒక్కడే వెళ్తే ఆవిడ విజువల్ ఎయిడ్ తెరవనివ్వకుండానే "మీ సార్ వచ్చినప్పుడు చెబుదురుగాని లెండి" అన్నారట. ఆ అబ్బాయి ఆ మాట నాతో చెప్పలేదు. ఎనిమిది నెలల తర్వాత రాజీనామా ఇచ్చిన రోజు చెప్పాడు. ఖాళీ అయిన హెచ్‌క్యూ టార్గెట్ నా నెత్తినే పడింది. కొత్తవాడు వచ్చి, ట్రైనింగ్ అయ్యి, డాక్టర్లకి మొహం అలవాటయ్యేసరికి ఐదు నెలలు గడిచిపోయాయి.

అందుకే నా పద్ధతి ఇది.

కాల్‌కి ముందు, బండి పక్కన నిలబడి రెండు నిమిషాలు. మీరు అడగాల్సినవి మూడే: ఈ డాక్టరు గారు పోయినసారి ఏమన్నారు? ఈరోజు ఏ పేషెంటు కోసం ఏ బ్రాండ్ అడగబోతున్నావు? పక్క షాపులో ఎవరి మందు నడుస్తోంది? మూడోదానికి జవాబు లేకపోతే గదిలోకి వెళ్లకండి, మెడికల్ షాపుకి వెళ్లండి. ఆ డాక్టరు బీపీకి రోజూ వేరే కంపెనీ టెల్మిసార్టన్ రాస్తున్నారని తెలిసి మాట్లాడటం వేరు, తెలియకుండా బొమ్మలు తిప్పడం వేరు.

గదిలో: నమస్కారం పెట్టండి, పేరు చెప్పండి, ఎమ్మార్‌కి అర అడుగు వెనక నిలబడండి. కుర్చీ ఒక్కటే ఉంటే అందులో అతనే కూర్చోవాలి. బ్యాగు మీరు పట్టుకోకండి. ఫోన్ చూడకండి. డాక్టరు మీ వైపు తిరిగి ప్రశ్న అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి, "మిగతాది మా సురేష్ చెబుతాడు సార్" అని అతని వైపు తిప్పేయండి. కాల్ మునిగిపోతుంటే మునగనివ్వండి. ఒక్క కాల్ పోతే కంపెనీ మూతపడదు.

మీరు నోరు విప్పాల్సిన సందర్భాలు రెండే. ఒకటి, డోసు గురించో, ఎవరికి వాడకూడదన్న దాని గురించో అతను తప్పు చెబితే అక్కడికక్కడే సరిచేయాలి, అవతల పేషెంటు ప్రాణం ఉంది. రెండు, డాక్టరు సైడ్ ఎఫెక్ట్ వచ్చిందని చెబితే వివరాలు రాసుకుని అదే రోజు కంపెనీలో మందుల దుష్ప్రభావాలు చూసే ఫార్మకోవిజిలెన్స్ వాళ్లకి పంపాలి. దాన్ని "కంప్లయింట్" అనుకుని మాట దాటేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దేశంలో అలాంటి రిపోర్టులన్నీ చూసే కేంద్రం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌లో ఉంది, ఊరికే పెట్టలేదు.

కాల్ తర్వాత: మెట్ల మీద మాట్లాడకండి, లిఫ్టులో మాట్లాడకండి, కాంపౌండరు ముందు అసలే వద్దు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక మేనేజరు తన ఎమ్మార్‌ని మెడికల్ షాపు ముందు కడిగేయడం నేను కళ్లారా చూశాను. ఆ షాపతను మర్నాటినుంచి ఆ అబ్బాయికి ఆర్‌సీపీఏ లెక్కలు చెప్పడం మానేశాడు. మేనేజరే లెక్కచేయనివాణ్ణి షాపువాడెందుకు లెక్కచేస్తాడు?

మూడు కాల్స్ అయ్యాకే టీ కొట్టు. ముందు అతన్నే అడగండి: "ఏం అనుకుని వెళ్లావు, ఏం జరిగింది?" ఆపేసి వినండి. తొంభై శాతం తప్పులు వాళ్లే చెప్పేస్తారు. తర్వాత ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, మార్చుకోవాల్సింది చెప్పండి. "ప్రశ్న అడిగి జవాబు వినకుండానే రెండో పేజీ తిప్పావు" చాలు. ఏడు తప్పులు కనపడ్డా ఆరు మీ నోట్‌బుక్‌లో దాచుకోండి. నోట్‌బుక్ అంటే కాగితం నోట్‌బుక్. కొట్టు ముందు ఫోన్‌లో టైప్ చేస్తుంటే, మీరు పైవాళ్లకి చాడీలు రాస్తున్నారని అతను అనుకుంటాడు. మళ్లీ కలిసి తిరిగినప్పుడు ఆ ఒక్క విషయమే చూడండి. అది కుదిరాకే రెండోది.

కొందరు మేనేజర్లు "ముందు నేను చేసి చూపిస్తా, తర్వాత నువ్వు చెయ్యి" అంటారు. వినడానికి బాగుంటుంది. చేరి వారమైన కుర్రాడికైతే ఒకటి రెండు రోజులు సరే. రెండేళ్లు పనిచేసిన మనిషికి అది అవమానం. పైగా మీ మాటతీరు మీది, అతనికి అరువిస్తే అతకదు. ఇంకొందరు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టమంటారు. లొకేషన్ క్లినిక్ ముందే ఉంటుంది, మనిషి క్లినిక్ ముందున్న చెట్టు కింద ఉంటాడు. మీకు తెలిసిందేమిటి?

ఒక ఎమ్మార్‌తో తిరిగితే వరసగా రెండు రోజులు తిరగండి, ఒక్క రోజు వద్దు. మొదటి రోజు మీకోసం ముస్తాబు చేసిన రోజు. బాగా గౌరవించే డాక్టర్లు, తేలికైన కాల్స్, మధ్యాహ్నం మంచి హోటల్. అసలు బండారం రెండో రోజు పన్నెండు దాటాక బయటపడుతుంది. అతని బండి వెనక కూర్చునే వెళ్లండి, మీ కారులో ముందు వెళ్లి క్లినిక్ దగ్గర ఎదురుచూడకండి. ఇంట్లో సంగతులు, బాకీలు, పక్క కంపెనీ నుంచి వచ్చిన ఆఫరు, ఇవన్నీ బండి మీదే బయటికొస్తాయి. ఎదురుగా కూర్చుని అడిగితే ఎవరూ చెప్పరు. హెల్మెట్ మాత్రం మీది మీరే తెచ్చుకోండి.

ఇదంతా చేస్తే మొదటి మూడు నెలలు మీ అంకెలు మీ పక్క మేనేజర్ కన్నా తక్కువే ఉండొచ్చు. అతను గదిలోకి దూరి తనే అమ్ముతుంటాడు. ఓర్చుకోండి. ఐదుగురి కోసం ఒక్కడు ఎన్నాళ్లు అమ్ముతాడు?

5. నెలాఖరు

28వ తేదీ సాయంత్రం ఫోన్ వస్తుంది: "ఇంకో రెండు లక్షలు ఎక్కడైనా బిల్లు చేయించు." చేయించకండి. ఆ రెండు లక్షలు వచ్చే నెల మీ టార్గెట్‌లోంచే పోతాయి, మిగిలింది ఎక్స్‌పైరీగా తిరిగొస్తుంది. ఎప్పుడూ సెకండరీ చూసే మాట్లాడండి. 2025 సెప్టెంబరులో చాలా మందులమీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గబోతోందని తెలియగానే స్టాకిస్టులు కొనడం తగ్గించేశారు, 22 నుంచి కొత్త రేటు కాబట్టి. ప్రైమరీ ఒక్కటే చూసి టీమ్‌ని తిట్టిన మేనేజర్లు అప్పుడు నవ్వులపాలయ్యారు. ప్రిస్క్రిప్షన్లు మామూలుగానే పడుతున్నాయి మరి.

6. డాక్టర్లకి కానుకలు

వద్దు. 2024 మార్చిలో కేంద్ర ఫార్మాస్యూటికల్స్ విభాగం యూసీపీఎంపీ (మందుల ప్రచారానికి ఏకరీతి నియమావళి) తెచ్చింది. డాక్టరుకి గాని, ఇంట్లోవాళ్లకి గాని బహుమతులు కుదరవు. శాంపిల్స్ కూడా ఒక డాక్టరుకి ఒక మందువి ఏడాదికి 12 ప్యాక్‌లకు మించకూడదు. "పాత మేనేజర్ సార్ ఇచ్చేవారండీ" అని మీ ఎమ్మార్ అంటే, ఆ మాట డాక్టరు దగ్గరికి మీరే వెళ్లి మర్యాదగా తేల్చేయండి. కుర్రాణ్ణి ముందుకు తోయకండి. నోరు విప్పకూడదన్న నా నియమం ఇక్కడ వర్తించదు.

7. టూర్ ప్రోగ్రామ్

వచ్చే నెల ఏ రోజు ఎవరితో తిరుగుతారో రాసే ఈ ప్రోగ్రామ్ ప్రతి నెల 25కల్లా వేసేయండి. చేరి ఏడాది కాని వాళ్లతో ఆరు రోజులు, నడుస్తున్నవాళ్లతో నాలుగు, అందరికన్నా బాగా చేసేవాడితో కూడా కనీసం మూడు. బాగా చేసేవాణ్ణి "వాడు చూసుకుంటాడులే" అని వదిలేస్తే పక్క కంపెనీవాడు చూసుకుంటాడు. వేసేముందు ప్రతి ఒక్కరినీ వచ్చే నెలలో ఇంట్లో ఏమైనా ఉందా అని అడగండి. పాప పుట్టినరోజున నైట్ హాల్ట్ (బయటి ఊళ్లో రాత్రి బస) వేయించుకున్న ఎమ్మార్ మర్నాడు మీతో పది కాల్స్ చేస్తాడు గానీ, ఒక్క డాక్టరు మొహం కూడా చూడడు.