థీసిస్‌లో పాత తేదీలు: శక సంవత్సరం, క్రీ.పూ., క్రీ.శ. ఎలా రాయాలి

శాసనాల మీద పేపర్ రాసేవాళ్లు ఫుట్‌నోట్‌లో ఒట్టి "క్రీ.శ. 1022" అని పెట్టేసి వదిలేస్తుంటారు, అలా చేయకండి. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి కోరుమిల్లి శాసనంలో ఉన్నది శక 944, 1022 అనేది మనం లెక్క కట్టింది. అందుకే ముందు మూలంలో ఉన్నది, తర్వాత మన లెక్క: "శ.సం. 944 / క్రీ.శ. 1022". లెక్కలో తప్పుంటే చదివేవాళ్లు పట్టుకోగలగాలి కదా.

శక సంవత్సరాన్ని క్రీ.శ.లోకి మార్చడానికి 78 కలిపితే చాలని అందరూ అనుకుంటారు గానీ ఉగాది మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి జనవరి నుంచి ఉగాది దాకా 79 కలపాలి. తళ్లికోట యుద్ధం శక 1486 రక్తాక్షి నామ సంవత్సరంలో జరిగింది, 78 కలిపితే 1564 వస్తుంది, కానీ అది జరిగింది 1565 జనవరిలో. నెల తెలియకపోతే "క్రీ.శ. 1564-65" అని రెండూ రాసేయండి, అదే నిజాయితీ. ఇంకోటి, ఈ 78 శాసనంలోని అంకె అప్పటికి పూర్తయిన సంవత్సరాల లెక్క అయితేనే, ఆ అంకె అప్పుడు నడుస్తున్న సంవత్సరానిది అయితే 77 కలపాలి. ఏదో తేల్చుకోవాలంటే ప్రభవ, విభవ లాంటి సంవత్సరం పేరు చూడండి. హంపిలోని కృష్ణదేవరాయల శాసనంలో శక 1430, శుక్ల, మాఘం అని ఉంది. 1430 లెక్కన 1509 జనవరి దగ్గరికి రావాలి, కానీ శుక్ల నడిచింది 1509 ఉగాది నుంచి 1510 ఉగాది దాకా, అంటే ఆ మాఘం 1510లో పడుతుంది. ఇలాంటప్పుడు శాసనంలోని అంకెని మీరు దిద్దకండి, ఉన్నది ఉన్నట్టు రాసి, మీరు దేన్ని నమ్మారో ఎందుకు నమ్మారో ఫుట్‌నోట్‌లో ఒక్క ముక్క చెప్పండి.

క్రీ.శ.నా సా.శ.నా (సామాన్య శకం) అంటే మీ ఇష్టం, మీ గైడ్ ఇష్టం, కానీ థీసిస్ మొత్తం ఒకటే ఉండాలి. తెలుగులో అది అంకెకి ముందు వస్తుంది. ఇంగ్లిష్‌లో రాస్తే మాత్రం ఏడీ ఒక్కటే అంకెకి ముందు, బీసీ, బీసీఈ, సీఈ మూడూ తర్వాత. థీసిస్ రాసే పద్ధతుల్లో షికాగో స్టైల్లో వీటికి చుక్కలు ఉండవు, ఏపీఏ స్టైల్లో ఉంటాయి.

క్రీ.పూ. తేదీల్లో అంకెలు కుదించొద్దు. అశోకుడి పాలన క్రీ.పూ. 268–232, దాన్ని 268–32 అంటే రెండొందల ఏళ్లు పైగా ఏలినట్టు అవుతుంది. కాలం క్రీ.పూ. నుంచి క్రీ.శ.లోకి సాగితే రెండు చోట్లా రాయాలి: రోమ్ చక్రవర్తి అగస్టస్ పాలన క్రీ.పూ. 27 – క్రీ.శ. 14. ఇక్కడ 27, 14 కలిపి 41 ఏళ్లు అనకండి, మధ్యలో సున్నా సంవత్సరం లేదు, 40 ఏళ్లే.

చివరగా "సుమారు" అనే మాట. రేనాటి చోళుల ఎర్రగుడిపాడు శాసనంలో సంవత్సరమే లేదు, 575 ప్రాంతం అని పండితులు లిపిని బట్టి అంచనా వేశారు. దాన్ని "క్రీ.శ. సుమారు 575" అనే రాయాలి, మీరు సుమారు తీసేస్తే మిమ్మల్ని చూసి రాసేవాళ్లు అది శాసనంలోనే ఉందనుకుంటారు.