రీపర్‌లో మిడి, 4వ భాగం: తకధిమి ఎక్కడ కుంటుతోంది?

రీపర్ అంటే సంగీతం రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్. అందులో చేర్చుకునే చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు. పోయిన భాగంలో ఆర్పెజియేటర్‌ను (నోట్లను ఒకదాని తర్వాత ఒకటిగా పంపే ప్లగిన్) ఒక ట్రాక్‌లో, మృదంగం శాంప్లర్‌ను (రికార్డ్ చేసి ఉంచిన దెబ్బలను మోగించే ప్లగిన్) ఇంకో ట్రాక్‌లో పెట్టి, ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు పంపే సెండ్‌తో కలిపాం. సెండ్ పెట్టెలో ఆడియోను ‘నన్’ చేసి, మిడిని, అంటే ఏ నోటు ఎప్పుడు మోగాలో చెప్పే సూచనలను, మాత్రం ‘ఆల్’గా ఉంచాం. నోట్లు చేరుతున్నాయి, మోగుతున్నాయి. అవి వేళకు పడుతున్నాయా లేదా అన్నది ఈసారి చూద్దాం.

దెబ్బలన్నీ సమానంగా 10 మిల్లీసెకన్లు వెనకబడితే అది లేటెన్సీ. ట్రాక్‌ను అంత ముందుకు జరిపితే తీరిపోతుంది. ఒకటి 2, ఇంకొకటి 18 వెనకబడితే అది జిట్టర్. అది జరిపితే పోయేది కాదు. లయ తెలిసిన చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇది ఎక్కడ పుడుతుందంటే బఫర్ దగ్గర. రీపర్ ధ్వనిని ముక్కలు ముక్కలుగా ప్లగిన్లకు పంపుతుంది. ఆ ముక్క సైజే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్ల (ధ్వని కొలతల) రేటులో 1024 శాంపిళ్ల బఫర్ అంటే ఒక్కో ముక్క 21.3 మిల్లీసెకన్లు. ఆ ముక్కలో పడాల్సిన నోట్లన్నీ ప్లగిన్‌కు ఒకేసారి అందుతాయి. ముక్క మొదటి నుంచి ఎన్నో శాంపిల్ దగ్గర మోగాలో చెప్పే అంకె ఒక్కో నోటుకూ జతగా వస్తుంది. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. బాగా రాసిన ప్లగిన్ దాన్ని పాటిస్తుంది. పట్టించుకోని ప్లగిన్ వాటన్నిటినీ ముక్క మొదట్లోనే కొట్టేస్తుంది.

లెక్క చేతిలో ఉంటే దొంగ దొరుకుతుంది. టెంపో 120 పెట్టి, తకధిమి తకజొణు అని పదహారో వంతు నోట్లు (ఒక్కో బీటుకు నాలుగు) వరసగా రాయండి. రెండు దెబ్బల మధ్య సరిగ్గా 6000 శాంపిళ్లు ఉండాలి. బఫర్ 1024 చేసి, శాంప్లర్ ట్రాక్ రికార్డ్ మోడ్‌ను స్టీరియో అవుట్‌పుట్‌కు మార్చి, ప్లే చేస్తూ రికార్డ్ చేయండి. రూలర్‌ను శాంపిళ్లలోకి మార్చి, బాగా జూమ్ చేసి, ఒక్కో దెబ్బ మొదలయ్యే చోటు రాసుకోండి. దెబ్బలను కావాలనే కాస్త అటూఇటూ జరిపే ‘హ్యూమనైజ్’ లాంటివన్నీ ఆపేసి, ఒకే పదునైన మృదంగం దెబ్బ రికార్డింగ్ వాడండి. లేకపోతే కొలత నమ్మలేం.

ఆఫ్‌సెట్‌ను వదిలేసే ప్లగిన్ ఉంటే మీకు 6000 కనబడదు. 6144, 6144, మధ్యలో ఉన్నట్టుండి 5120! అంటే 5 ముక్కలు లేదా 6 ముక్కలు. ఇంకో సంఖ్యకు తావే లేదు. 128 మిల్లీసెకన్ల నడకలో ఒక్క అడుగు 107కి కుదించుకుపోతుంది. చెవికి ‘ధి’ తోసుకొచ్చినట్టు వినిపించేది ఇదే. నేను ఒకసారి రెండు రాత్రులు మృదంగం దెబ్బల రికార్డింగుల మొదళ్లు కత్తిరిస్తూ కూర్చున్నాను. తప్పు వాటిది కాదు, ఆర్పెజియేటర్‌ది.

అందుకే వరస ముఖ్యం. మొదట చేత్తో రాసిన నోట్లను నేరుగా శాంప్లర్‌కే పంపి కొలవండి. అక్కడే తేడా వస్తే తప్పు శాంప్లర్‌ది. అక్కడ 6000 వచ్చి, ఆర్పెజియేటర్ కలిపాక చెడితే తప్పు దానిది. ఆర్పెజియేటర్ తప్పయితే దాని మిడి అవుట్‌పుట్‌ను రికార్డ్ చేసుకుని, క్వాంటైజ్ చేసి (నోట్లను సరైన వేళకు జరిపి), ప్లగిన్‌ను తీసేయండి. శాంప్లర్ తప్పయితే ఈ ఉపాయం పనిచేయదు. బఫర్ తగ్గించాలి, లేదా శాంప్లర్‌ను మార్చాలి.

అభ్యాసం: ఇదే కొలతను బఫర్ 64తో మళ్లీ చేయండి. తప్పు చేసే ప్లగిన్‌లో దూరాలు 5952 లేదా 6016 వస్తాయి. తేడా 1.3 మిల్లీసెకన్లకు దిగుతుంది. రెండు బఫర్లలోనూ మొదటి ఎనిమిది దూరాలు రాసి ఉంచుకోండి. 5వ భాగంలో లుక్‌అహెడ్ లిమిటర్ (రాబోయే ధ్వనిని ముందే చూసి శబ్దం మరీ పెరగకుండా ఆపే, అందుకే కాస్త ఆలస్యం చేసే ప్లగిన్) పెట్టి, రీపర్ ఆలస్యాన్ని ఎలా సర్దుతుందో ఆ అంకెలతోనే పోల్చి చూద్దాం.